చెరకు, నల్లరాళ్లు, ఒప్పందాలు: మారిషస్ ఎలా నిలదొక్కుకుంది

చమురూ ఖనిజాలూ లేని మారిషస్ ఆఫ్రికా దేశాల్లో ముందు వరుసకు ఎలా చేరింది, ఆ దీవి భౌగోళిక స్థితి అందుకు సాయపడిందా అడ్డుపడిందా, ఇక మీదట అక్కడ చెరకు మిగులుతుందా అని మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా చక్కెర కర్మాగారాల ఉత్పత్తి విభాగంలో పనిచేశాను. అనకాపల్లి ప్రాంతంలో ఉద్యోగం మొదలుపెట్టి, మధ్యలో తొమ్మిదేళ్లు మారిషస్‌లో ఉన్నాను. అందుచేత ఈ కథ నాకు చెరకు తోట గట్టు మీద నుంచే కనిపిస్తుంది, అక్కడి నుంచే చెబుతాను. చెరకును పక్కన పెట్టి ఆ దేశాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదని కూడా నా అభిప్రాయం.

మొదట పరిమాణం సంగతి. ప్రధాన దీవి 1,865 చదరపు కిలోమీటర్లు. తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్‌నూ, ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న అగలేగానూ, మరికొన్ని దిబ్బలనూ కలిపితే సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అంటే మన కోనసీమ జిల్లాకు దాదాపు సమానం. జనాభా పన్నెండున్నర లక్షల చుట్టుపక్కల ఉంటుంది, అది కోనసీమ జనాభా కంటే తక్కువే. పడమట మడగాస్కర్ చేరాలంటే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు సముద్రం దాటాలి. దగ్గరి పొరుగు ఫ్రాన్సు ఏలుబడిలోని రియూనియన్ దీవి, అది సుమారు రెండు వందల కిలోమీటర్లలోపే ఉంటుంది.

పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే కోనసీమ గోదావరి తెచ్చిన ఒండ్రు నేల కాగా మారిషస్ అగ్నిపర్వతం కక్కిన లావా చల్లారి ఏర్పడిన నేల. అక్కడ దున్నడానికి వీలైన చోటల్లా ముందు నల్లరాళ్లు ఏరవలసి వచ్చింది. బానిసలూ, వారి తరువాత ఒప్పంద కూలీలూ చేతులతో ఏరిన ఆ రాళ్లు ఇప్పటికీ చెరకు తోటల మధ్య చిన్న పిరమిడ్లలా పేర్చి కనిపిస్తాయి. ఆ గుట్టలను మొదటిసారి చూసినప్పుడు నేను అవేవో పాత కట్టడాలనుకున్నాను; మా ఫోర్‌మన్ నవ్వి, అవి తమ ముత్తాతల పని అన్నాడు.

ఇంత రాతి నేలలో చెరకే ఎందుకు పాతుకుపోయిందన్నదానికి మూలం గాలిలో ఉంది. నైరుతి హిందూ మహాసముద్రపు తుపానులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ దీవిని పలకరిస్తూనే ఉంటాయి. 1892 నాటిదీ, 1960లో వరుసగా వచ్చిన అలిక్స్, కరోల్ తుపానులూ అక్కడివారి జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. ఆ గాలికి కాఫీ, పత్తి వంటివి తట్టుకోలేవు. చెరకు ఒరిగిపోతుంది, దిగుబడి తగ్గుతుంది, అయినా వేరు పట్టు వదలదు, మళ్లీ లేస్తుంది. పైగా ఒకసారి నాటితే మన దగ్గర ఒకటి రెండు కార్శులతో, అంటే కోశాక అదే దుబ్బు నుంచి మళ్లీ వచ్చే పంటలతో, సరిపెట్టుకుంటాం గాని, అక్కడ ఆరేడు కార్శులు తీయడం మామూలు. రాళ్లు ఏరిన చోట మళ్లీ మళ్లీ దున్ని నాటే ఖర్చు భరించలేని రైతుకు ఇంతకు మించిన పైరు దొరకదు. డచ్చివారు 1639లో జావా నుంచి చెరకు తెచ్చారు. డోడో పక్షి కథ కూడా ఆ కాలానిదే గాని, మీరు అడగలేదు కనుక దాన్ని వదిలేస్తున్నాను.

ఆ గాలే దీవిలో వానను కూడా పంచుతుంది. ఆగ్నేయం నుంచి ఏడాది పొడవునా వీచే వ్యాపార పవనాలు మధ్య పీఠభూమిని తాకి అక్కడ 4,000 మిల్లీమీటర్ల దాకా వాన కురిపిస్తాయి. అక్కడికి ముప్పై కిలోమీటర్లు కూడా లేని పడమటి తీరంలో అది వెయ్యికి లోపే ఉంటుంది. ఎత్తు పెద్దది కాదు, అత్యున్నత శిఖరం 828 మీటర్లే. అయినా క్యూర్‌పైప్ ఊళ్లో గొడుగు లేనిదే బయలుదేరని మనిషి, గంట ప్రయాణం చేసి పోర్ట్ లూయిస్‌లో దిగేసరికి చెమటతో తడుస్తాడు. రేవు కూడా గాలి చాటునే కుదురుకుంది. ఆగ్నేయ తీరంలోని మొదటి రేవు నుంచి ఎదురుగాలిలో ఓడలు బయటపడటం కష్టమయ్యేది కనుక, 1735లో వచ్చిన ఫ్రెంచి గవర్నరు లా బుర్దొనే వాయవ్యంలోని పోర్ట్ లూయిస్‌ను రాజధానిగా తీర్చిదిద్దాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువారి నుంచి పట్టుకున్నది ఈయనే.

బ్రిటిషువారు 1810లో దీవిని గెలుచుకున్నారు. 1825లో మారిషస్ చక్కెర మీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేశారు. నా దృష్టిలో ఆ దేశపు ఆర్థిక చరిత్ర అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఎక్కడో లండన్‌లో ఒక కాగితం మీద మారిన సుంకం దీవిలోని కొండవాలులను కూడా చెరకుతో కప్పేసింది. 1850ల నాటికి ఉత్పత్తి లక్ష టన్నులు దాటింది. 1835లో బానిసత్వం రద్దు కాబోతుండటంతో కూలీల కోసం ముందే భారతదేశం వైపు చూశారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్ మెట్లెక్కారు. వారిలో ఎక్కువ మంది భోజ్‌పురి సీమవారు, మనవారూ గణనీయంగానే ఉన్నారు. గోదావరి నోటి దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల తెలుగువారికి అక్కడ కోరంగీలనే పేరు పడింది. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉండటం ఆ వలస మిగిల్చిన గుర్తు.

ఆర్థికంగా అంతకన్నా ముఖ్యమైన మలుపు 1880ల తరువాత వచ్చింది. ప్రపంచ ధర పడిపోయి అప్పుల్లో మునిగిన ఎస్టేటు యజమానులు రాళ్లెక్కువ, నీళ్లు తక్కువ ఉన్న తమ భూముల్ని ముక్కలు చేసి, కూలికి వచ్చినవారికే అమ్మారు. వారు రూపాయి రూపాయి కూడబెట్టి అర ఎకరం, ఎకరం కొని చిన్న రైతులయ్యారు. పిల్లల్ని బడికి పంపారు. 1968 మార్చి 12న స్వాతంత్య్రం వచ్చేసరికి ఓటు బలం వారి సంతానం చేతిలోనూ, పెద్ద ఎస్టేట్లు ఫ్రెంచి సంతతి కుటుంబాల చేతిలోనూ ఉన్నాయి. ఎస్టేట్లను జాతీయం చేయలేదు. ఎగుమతి పన్ను వేసి ఆ డబ్బుతో బళ్లూ ఆసుపత్రులూ నడిపారు. ఎవరి దగ్గరున్నది వారి దగ్గరే ఉండి, అందులో వాటా మాత్రం మారింది. ఆ రాజీ ఇరుపక్షాలకూ తృప్తినిచ్చిందని చెప్పలేను గాని, పొరుగున చాలా దేశాల్లో జరిగినట్టు పెట్టుబడి ఓడెక్కి వెళ్లిపోకుండా ఆపింది.

ఇదంతా ముందే తెలిసిన విజయం కానే కాదు. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, ఆ తరువాత 1977లో నోబెల్ బహుమతి అందుకున్నాయన, ఈ దీవి గురించి చాలా నిరాశగా నివేదిక రాశారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మలేరియాను తరిమేయడంతో జనాభా ఏడాదికి మూడు శాతం పెరుగుతోంది, ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా ఒక్క చక్కెరే, అది ఎప్పుడు ఏ తుపానుకు పోతుందో తెలియదు, కొత్తగా సాగు చేయడానికి నేల లేదు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ లెక్కలోకి రానివి కొన్ని తరువాత జరిగాయి, అంతే.

వాటిలో మొదటిది చక్కెర ఒడంబడిక. దీని గురించి కాస్త విస్తరించి చెబుతాను, ఎందుకంటే మారిషస్ గురించి రాసేవారు చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. 1973లో బ్రిటన్ ఐరోపా ఉమ్మడి విపణిలో చేరింది. అప్పటిదాకా కామన్వెల్తు చక్కెరకు బ్రిటన్ ఇస్తున్న హామీ ఇక చెల్లదు కనుక, ఐరోపాతో కొత్త ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఆ చర్చలు నడుస్తున్న 1974 చివరలోనే న్యూయార్క్ మార్కెట్లో చక్కెర పౌను 60 సెంట్లు దాటి చరిత్రలో ఎన్నడూ లేని ధర పలికింది. బయట అంత ధర ఉన్నప్పుడు, ఐరోపాకు స్థిర ధరకు కట్టుబడటానికి ఎవరికి మనసొప్పుతుంది? మారిషస్ మాత్రం అప్పటి లాభం కొంత వదులుకొని, వీలైనంత పెద్ద కోటా అడిగింది. 1975 ఫిబ్రవరిలో ఐరోపాకూ ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకూ మధ్య జరిగిన లోమే ఒప్పందంతో పాటు కుదిరిన ఆ ఒడంబడికలో, తెల్ల చక్కెర లెక్కన ఏటా సుమారు 4.9 లక్షల టన్నులు మారిషస్‌కు దక్కాయి. సభ్య దేశాలన్నిటిలో అదే పెద్ద వాటా. ఆ తరువాత ప్రపంచ ధర కుప్పకూలింది, ఐరోపా ధర నిలబడింది. చాలా ఏళ్లు ఆ రెంటి మధ్య తేడా రెట్టింపునూ దాటిపోయేది. ధాన్యం మిల్లులో లెవీకి ఇచ్చే ధర బయటి ధర కంటే తక్కువగా ఉండటం మనం చూశాం; దానికి తిరగేసిన బొమ్మ ఇది.

ఆ మిగులు ఎక్కడికి వెళ్లింది? అసలు సమాధానం ఈ ప్రశ్నలోనే ఉంది. 1970లోనే ఎగుమతి మండలం చట్టం వచ్చింది. తైవాన్ అనుభవాన్ని చూసి ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవాడు చైనా సంతతి మారిషస్ ఇంజనీరు, ప్రొఫెసర్ ఎడ్వార్డ్ లిమ్ ఫాట్. మిగతా దేశాల్లో ఇలాంటి మండలం అంటే కంచె వేసిన ఒక స్థలం. ఇక్కడ అది కంచె లేని అనుమతిపత్రం: దీవిలో ఏ ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టినా, ఎగుమతి కోసమే అయితే ముడిసరుకు సుంకం లేకుండా వస్తుంది. చిన్న దేశమన్నది ఇక్కడ కలిసొచ్చింది. ఏ మూల నుంచైనా రేవు గంటన్నర దూరమే కనుక ఫ్యాక్టరీలే పల్లెల దగ్గరకు వెళ్లాయి, అంతవరకూ చెరకు తోటలో కలుపు తీసిన కుటుంబాల ఆడపిల్లలు బస్సెక్కి కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. వారికి ఇచ్చిన వేతనం మగవారి కంటే తక్కువ, పని గంటలు ఎక్కువ. ఈ సంగతి ‘మారిషస్ అద్భుతం’ అనే మాట వాడేవారు చెప్పరు, నేను చెప్పకుండా ఉండలేను.

పెట్టుబడి రెండు వైపుల నుంచి వచ్చింది. అమెరికా, ఐరోపా విధించిన దుస్తుల కోటాలతో చేతులు కట్టుకుపోయిన హాంకాంగ్ వ్యాపారులు కోటా ఖాళీగా ఉన్న దేశం కోసం వెతుకుతూ వచ్చారు. మిగిలిన సగం దాదాపుగా స్థానికులది, అందులో చక్కెర ఎస్టేట్ల లాభం పెద్దది. దూరపు దీవికి రవాణా ఖర్చు శాపం కనుక, బరువు తక్కువై ధర ఎక్కువ పలికే సరుకే గిట్టుబాటవుతుంది. ఒక్క గొర్రె మంద లేని ఆ ఉష్ణమండల దీవి ఉన్ని స్వెటర్ల ఎగుమతిలో ప్రపంచంలోనే పెద్ద పేర్లలో ఒకటి కావడానికి కారణం అదే.

అయినా 1970ల చివర పరిస్థితి విషమించింది. చక్కెర డబ్బు వచ్చినప్పుడు పెంచిన ఖర్చులు, ధర పడ్డాక తగ్గలేదు. రూపాయి విలువను 1979లోనూ 1981లోనూ తగ్గించారు, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తలొగ్గారు. 1980ల మొదట్లో ఐదుగురిలో ఒకరికి పని లేదు. పదేళ్లు తిరిగేసరికి పనివారు దొరక్క బయటి దేశాల నుంచి తెచ్చుకోవడం మొదలైంది. అనిరుధ్ జగన్నాథ్ ప్రధానిగా ఉన్న ఆ దశాబ్దంలో ఎక్కువ కాలం ఆర్థికమంత్రిగా పనిచేసిన విష్ణు లచ్మీనారాయుడి పేరు చదివితే మన చెవికి కొత్తగా అనిపించదు.

భారతదేశంతో ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం కూడా ఇదే వరుసలోది. 1982లో కుదిరినప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన దగ్గర 1991 సంస్కరణలు రావడం, 1992లో మారిషస్ బయటి దేశాల పెట్టుబడి వ్యాపారం కోసం ఆఫ్‌షోర్ చట్టం తేవడం కలిసేసరికి దాని విలువ తెలిసింది. వాటాలు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను మారిషస్ వెయ్యదు, ఒప్పందం వల్ల భారత్ వెయ్యలేదు. 2000 నుంచి 2016 దాకా మనకు వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల్లో సుమారు మూడో వంతు ఆ దీవి గుండా వచ్చింది, అందులో మన డబ్బే బయటికి వెళ్లి వేషం మార్చుకొని తిరిగొచ్చినది ఎంతో కొంత ఉందన్న అనుమానం ఎప్పుడూ వీడలేదు. 2003లో మన సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. 2016 మే నెలలో ఒప్పందాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 తరువాత కొన్న వాటాలపై పన్ను హక్కు భారత్ తీసుకుంది. తరువాతి కాలంలో సింగపూర్ ఆ స్థానాన్ని దాటిపోయింది. అయినా ఈలోపు పోర్ట్ లూయిస్‌లోనూ ఎబెన్ పట్టణంలోనూ లెక్కలు చూసేవారు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు ఒక తరం తయారయ్యారు. వారిప్పుడు ఆఫ్రికాకు వెళ్లే పెట్టుబడికి ఆ పనే చేస్తున్నారు.

పర్యాటకం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. దీవి చుట్టూ దాదాపు ఆసాంతం ఉన్న పగడపు దిబ్బ అలల్ని బయటే ఆపి లోపల నిశ్చలమైన నీటిని నిలుపుతుంది, హోటళ్ల అద్దె దానికే చెల్లుతోంది. దక్షిణాన గ్రిగ్రి దగ్గర ఆ దిబ్బ తెగిన చోట నిలబడితే, అది లేకపోతే మిగతా తీరం ఎలా ఉండేదో అర్థమవుతుంది. చార్టర్ విమానాలను రానివ్వకుండా, తక్కువ మందిని ఎక్కువ ధరకు రప్పించాలన్నది చాలాకాలం వారి విధానం. 2018, 2019లలో ఏటా దాదాపు 14 లక్షల మంది వచ్చారు. 2020 జులై 25న వకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరంలో ఆ దిబ్బనెక్కి సుమారు వెయ్యి టన్నుల చమురు ఒలికించింది. కరోనాతో సరిహద్దులు మూసిన ఆ ఏడాది జీడీపీ 15 శాతం దాకా పడిపోయింది. ప్రపంచ బ్యాంకు ఆ జులైలోనే మారిషస్‌ను అధికాదాయ దేశాల జాబితాలో చేర్చి, మరుసటి ఏడు దించేయడం విధి వైపరీత్యమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. భౌగోళిక స్థితి సాయపడిందా అన్నదానికి పక్కనున్న రియూనియన్‌ను చూడమంటాను. అదే లావా, అదే గాలి, అదే చెరకు, అదే తుపాను. అది 1946లో ఫ్రాన్సులో ఒక జిల్లాగా మారింది. ఫ్రాన్సు నుంచి వచ్చే నిధుల వల్ల అక్కడి సగటు ఆదాయం ఎక్కువ, నిరుద్యోగం కూడా చాలా ఎక్కువ. ఒకే రకపు నేల మీద రెండు వేరు బతుకులు ఏర్పడ్డాయంటే, తేడాను నేలలో వెతికి లాభం లేదు. చక్కెర కోటా, దుస్తుల కోటా, పన్ను ఒప్పందం — ఈ మూడు తలుపుల తాళాలూ ఇతరుల చేతిలోనే ఉన్నాయి, మూడూ తరువాత మూసుకుపోయాయి. మారిషస్ చేసిన తెలివైన పని, ఒక తలుపు తెరిచి ఉండగానే ఆ వచ్చిన డబ్బుతో రెండో తలుపు దగ్గరకు నడవడం. మంచి పాలన, ప్రజాస్వామ్యం అని మాత్రమే చెప్పే కథనం నాకు సగమే రుచిస్తుంది. అవి లేకపోతే ఆ డబ్బు వృథా అయ్యేది నిజమే, ఆ డబ్బు లేకపోతే అవెంత కాలం నిలిచేవో కూడా ఆలోచించాలి.

దూరం ఇప్పటికీ బరువే. పెట్రోలు, బియ్యం, గోధుమ అంతా ఓడలోనే రావాలి. చాలా ఏళ్లు ఆ దేశానికి పెట్రోలు, డీజిలు మన మంగళూరు రిఫైనరీ నుంచి వెళ్లాయి. మీడ్ భయపడిన జనాభా సమస్య తిరగబడింది: ఒక్కో స్త్రీకి సగటున ఒకటిన్నర మంది కంటే తక్కువ పిల్లలే పుడుతున్నారు, అందరికీ ఇచ్చే వృద్ధాప్య పింఛను భారమై 2025 బడ్జెట్లో అర్హత వయసును 60 నుంచి 65కు పెంచుతామని ప్రకటించారు. ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్, మడగాస్కర్ పనివారు కనిపిస్తారు. నేల చిన్నదైనా సముద్రం పెద్దది: సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలం వారు తమదంటారు. అందులో 1965లో బ్రిటన్ విడగొట్టిన చాగోస్ దీవుల సముద్రం కూడా ఉంది. ఆ దీవుల సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించేందుకు 2025 మే 22న బ్రిటన్ సంతకం చేసింది. ఆ మొత్తం సముద్రం నుంచి ఇప్పటికి నిలకడగా వస్తున్నది ట్యూనా చేప, రేవు రుసుములు మాత్రమే.

చివరిది చెరకు. ఐరోపా 2006 నుంచి 2009లోపు ముడి చక్కెర ధరను 36 శాతం కోసి, టన్ను 523.7 యూరోల నుంచి 335కు దించింది. 2009లో ఒడంబడికే ముగిసింది. 1973లో 7 లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి ఇప్పుడు రెండున్నర లక్షల లోపే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో రెండు వందలకు పైగా ఉన్న గానుగలు 2005 నాటికి పదకొండు, ఇప్పుడు మూడు: బెల్ వ్యూ, యూనియన్ ఫ్లాక్, లా బరాక్. ఆ మూడూ చక్కెర మిల్లులే అనడం కూడా కష్టం, పిప్పి కాల్చి విద్యుత్తు అమ్మడం వాటికి చక్కెరంత ముఖ్యం. పిప్పి లేని నెలల్లో దిగుమతి బొగ్గు కాలుస్తారు, ఆ సంగతి ప్రచార పత్రాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముడి చక్కెర పంపడం చాలావరకు మానేసి శుద్ధి చేసిన తెల్ల చక్కెరా, డెమెరారా, మస్కొవాడో వంటి ప్రత్యేక రకాలూ అమ్ముతున్నారు. మస్కొవాడో అంటే కంగారు పడకండి, మన బెల్లపు పొడికి దగ్గరి చుట్టమే. సీసాలో పోసి లండన్ అంగడిలో పెడితే దాని ధర చూసి అనకాపల్లి రైతు నిట్టూరుస్తాడు.

కనుక చెరకు పూర్తిగా పోదు, కుదించుకుపోతుంది. పెద్ద ఎస్టేట్లు నల్లరాళ్ల గుట్టల్ని యంత్రాలతో పెరికి, పొలాల్ని చదును చేసి కోత యంత్రాలు దించాయి. పీఠభూమి వాలులో ఎకరం, రెండెకరాలు ఉన్న చిన్న రైతుకు ఆ యంత్రం దిగదు, నరికే మనిషి దొరకడు, పిల్లలు ఆఫీసుల్లో ఉన్నారు. ఆ భూములు బీడు పడుతున్నాయి. సముద్రం కనిపించే చోట భూమి మాత్రం బీడు పడదు: విదేశీయులు ఇళ్లు కొనుక్కోవచ్చని 2002లో తెచ్చిన పథకం తరువాత, పడమటి తీరంలో చెరకు తోటలు విల్లాలయ్యాయి. నేను అక్కడి నుంచి వచ్చేసే ఏడాది, నా మిల్లుకు చెరకు పంపిన ఒక తోటలో గోల్ఫ్ మైదానం వేశారు. రాళ్ల గుట్టల్లో ఒకదాన్ని మాత్రం తీయకుండా, చుట్టూ గడ్డి పెంచి అలంకారంగా ఉంచారు.